జీర్ణాశయపు గోడలో పెరుగు కంతులు

"పొట్టలో గడ్డ కనబడుచున్నది" అని వైద్యుడు చెప్పిన క్షణమున రోగికిని, ఇంటివారికిని తోచు మాట ఒక్కటే: రాచపుండు. ఆ మాట మనసున పడిన తరువాత కోయిలకుంట్ల, ఆళ్ళగడ్డ, బనగానపల్లె ప్రాంతముల కుటుంబములలో సాధారణముగా రెండు విధముల నిర్ణయములు జరుగుచుండును. కొందరు ఇక చేయదగినది ఏమియు లేదని నిరాశ చేసికొని రోగిని ఇంటికి తీసికొనిపోవుదురు. మరికొందరు "నొప్పి లేదు, అన్నము తినుచునే యున్నాడు, శనగ కోతలు కానిండు, తరువాత చూతము" అని నెలల కొలది వాయిదా వేయుదురు. నిరాశయు, నిర్లక్ష్యమును రెండును ఒకే తెలియనితనము నుండి పుట్టినవి. జీర్ణాశయములో పుట్టు గడ్డలన్నియు ఒక జాతివి కావు. కొన్ని ఏ కీడును చేయక జీవితాంతము పడియుండును. కొన్ని కత్తితో తీసివేసినంతనే నయమగును. కొన్ని ప్రాణాంతకములు, కాని వానిలో ఒక జాతికి ఈ శతాబ్దారంభమున అద్భుతమైన ఔషధము లభించినది. ఏ గడ్డ ఏ జాతిదో తెలిసికొనుటయే చికిత్సలో సగము. ఆ జాతిభేదములను, వాని చికిత్సను గూర్చి ఈ ప్రసంగములో విచారింతము.

గోడలోని పొరలు

కర్నూలు, నంద్యాల జిల్లాల రైతులకు భూమి పొరల సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. బోరు వేయించిన ప్రతివాడును ఎన్ని అడుగులకు ఏ రాయి తగిలినదో ఎరిగినవాడే. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ సీమ రాతి పొరలకు మన ఊళ్ళ పేర్లే పెట్టిరి. అడుగున బనగానపల్లె క్వార్ట్‌జైటు, దానిపై నార్జి సున్నపురాయి, ఆపై ఔకు షేలు, పాణ్యము క్వార్ట్‌జైటు, కోయిలకుంట్ల సున్నపురాయి, వీని యన్నిటికిని పైన నంద్యాల షేలు. ఒక్కొక్క పొరది ఒక్కొక్క గుణము.

మన జీర్ణాశయపు గోడయు ఇట్లే పొరలుగా అమరియున్నది. లోపల ఆహారమును తాకుచుండునది శ్లేష్మపొర. జీర్ణరసములను, ఆమ్లమును స్రవించునది ఇదియే. దాని క్రింద రక్తనాళములు, నరములు, మెత్తని కణజాలము గల ఉపశ్లేష్మపొర. ఆ తరువాత దట్టమైన కండరపు పొర. ఇందులో కండర తంతువులు మూడు దిక్కులుగా పరచుకొని యుండును. అన్నిటికిని వెలుపల పలుచని కప్పు పొర. ఇన్ని పొరలున్నను మొత్తము గోడ మందము కొన్ని మిల్లీమీటర్లే.

సాధారణముగా జీర్ణాశయపు క్యాన్సరు అని మనము వినునది శ్లేష్మపొరలోని గ్రంథి కణములలో పుట్టును. జీర్ణాశయపు క్యాన్సర్లలో నూటికి తొంబదికి పైగా ఈ జాతివే. నేటి మన విషయము అది కాదు. శ్లేష్మపొరకు అడుగున ఉన్న కండరము, కొవ్వు, నరపు తొడుగు, రక్తనాళము, సంధాయక కణజాలము, వీనినుండి పుట్టు కంతులు వేరొక వర్గము. గర్భస్థ శిశువులో ఈ కణజాలములలో పెక్కింటికి మూలమైన కణరాశికి మీసెంకైము అని పేరు. అందుచే ఈ వర్గమునకు మీసెంకైమల్ కంతులు అను పేరు కలిగినది.

ఈ భేదము పేరునకు మాత్రమే పరిమితమైనది కాదు. శ్లేష్మపొరలో పుట్టిన క్యాన్సరు ఆ పొరను పుండు చేసి చెరచును. క్రింది పొరలో పుట్టిన కంతి, నేలలోని బండ పై మట్టిని ఉబ్బించినట్లు, శ్లేష్మపొరను పైకి నెట్టును గాని చాలకాలము దానిని చీల్చదు. అందుచే నోటి ద్వారా ఎండోస్కోపు గొట్టమును పంపి చూచిన వైద్యునకు నునుపైన ఒక మిట్ట మాత్రమే కానవచ్చును. పైనుండి చిన్న ముక్క త్రుంచి పరీక్షకు పంపినచో పెక్కు పర్యాయములు "శ్లేష్మపొర ఆరోగ్యముగా నున్నది" అని జవాబు వచ్చును. ఆ జవాబు నిజమే. కాని బండ క్రింద నున్నది. "పరీక్షలో ఏమియు లేదన్నారు" అని సంతోషించి ఊరకుండుట ఇక్కడనే ప్రమాదము.

కంతుల జాతులు

ఈ వర్గములో ముఖ్యమైన జాతులను ఒక్కొక్కటిగా చూతము.

మొదటిది లైపోమా, అనగా కొవ్వు కంతి. చేతిమీద, వీపుమీద మెత్తగా కదలు కొవ్వు గడ్డలను చూడనివారుండరు. అట్టిదే జీర్ణాశయపు గోడలోను అరుదుగా పుట్టును. ఎండోస్కోపు పనిముట్టుతో నొక్కినచో దిండువలె లోనికి పోయి మరల పైకి లేచును. ఇది క్యాన్సరు కాదు. రక్తము కారుటయో, దారికి అడ్డుపడుటయో జరిగిననే తప్ప ముట్టుకొన నక్కరలేదు.

రెండవది లియోమయోమా. ఇది నునుపు కండరపు కణములనుండి పుట్టు సాధు కంతి. అన్నవాహికలో ఇది ఎక్కువ. జీర్ణాశయములో అన్నవాహిక వచ్చి కలియు పైభాగమున కనబడుచుండును. దీనికే దుష్టరూపము లియోమయోసార్కోమా. జీర్ణాశయములో అది మిక్కిలి అరుదు.

మూడవది ష్వానోమా. నరములకు తొడుగుగా నుండు కణములను వర్ణించిన జర్మను శాస్త్రజ్ఞుడు థియొడోర్ ష్వాన్ పేరు ఆ కణములకును, వానినుండి పుట్టు ఈ కంతికిని వచ్చినది. జీర్ణాశయపు ష్వానోమాలు దాదాపు అన్నియు సాధువులే. పూర్తిగా తీసివేసిన మరల రావు.

నాలుగవది గ్లోమస్ కంతి. సన్నని రక్తనాళములచుట్టు నుండు ప్రత్యేక కణముల నుండి ఇది పుట్టును. జీర్ణాశయపు క్రిందిభాగమున పెరుగుట దీని అలవాటు. రక్తము విస్తారముగా పారు కంతి గావున ముక్క తీయుటలో జాగ్రత్త కావలెను. ఐదవది ఇన్‌ఫ్లమేటరీ ఫైబ్రాయిడ్ పాలిపు. దీనిని 1949 లో వానెక్ అను శాస్త్రజ్ఞుడు వర్ణించుటచే ఆయన పేరనే పిలుచుటయు కలదు. ఇదియు సాధువే.

ఇక ఆరవది, ఈ వర్గములో కెల్ల ఎక్కువగా కనబడునది, మన ప్రసంగమునకు ప్రధానమైనది: గ్యాస్ట్రో ఇంటెస్టైనల్ స్ట్రోమల్ ట్యూమర్. ఈ పొడవైన పేరులోని మొదటి అక్షరములను కూర్చి వైద్యులు జిస్ట్ అందురు. మనమును ఆ పేరే వాడుదము.

జిస్ట్ చరిత్ర

జిస్ట్ క్రొత్తగా పుట్టిన వ్యాధి కాదు. క్రొత్తగా గుర్తింపబడిన వ్యాధి. పూర్వము దీనిని కండరపు కంతియే అనుకొని లియోమయోమా, లియోమయోసార్కోమా అను పేర్ల క్రిందనే వ్రాయుచుండిరి. సాధువు అని వ్రాసిన కంతి కొన్ని యేండ్లకు కాలేయమున బయలుపడి వైద్యులను కలవరపరచుచుండెను. 1983 లో మజూర్, క్లార్క్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఈ కంతులలో చాల వాటికి కండరపు లక్షణములు గాని నరపు లక్షణములు గాని స్పష్టముగా లేవని చూపి, స్ట్రోమల్ కంతి అను తటస్థమైన పేరును వాడిరి.

అసలు రహస్యము 1998 లో బయటపడినది. జపాను దేశములోని ఒసాకాలో హిరోటా, కిటమూరా మొదలగువారు ఈ కంతి కణములలో కిట్ అను జన్యువు మార్పు చెందియుండుటను కనుగొనిరి. కిట్ జన్యువు పనిచేయు ఆరోగ్యకరమైన కణములు జీర్ణనాళపు కండరములలో ఉన్నవి. వానికి కహాల్ కణములని పేరు. 1906 లో నోబెల్ బహుమానము నందిన స్పెయిను శాస్త్రజ్ఞుడు సాంటియాగో రమోన్ ఇ కహాల్ పేరున అవి ప్రసిద్ధములైనవి. జీర్ణాశయము నిమిషమునకు సుమారు మూడు మారులు అలలవలె ముడుచుకొనుటకు తాళము వేయునవి ఈ కణములే. ఆ తాళగాండ్ర జాతికి చెందిన కణములు అదుపుతప్పి పెరిగినపుడు జిస్ట్ ఏర్పడును.

అదుపు తప్పుట ఎట్లో రైతు సోదరులకు సులభముగా బోధపడును. బోరు మోటారునకు స్టార్టరు కలదు. మనిషి వచ్చి మీట నొక్కిననే మోటారు తిరుగును, చాలునన్నప్పుడు ఆగును. కిట్ అనునది కణము పైభాగమున అమరిన అట్టి స్టార్టరు. వెలుపలినుండి సందేశము వచ్చినపుడు మాత్రమే అది కణమును పెరుగుమని ప్రేరేపించును. జన్యువు మార్పు చెందినపుడు ఆ స్టార్టరు నొక్కినది నొక్కినట్లే బిగిసిపోవును. ఎవరును చెప్పకయే కణము విభజన చెందుచునే యుండును. జిస్ట్ రోగులలో నూటికి డెబ్బదియైదు మొదలు ఎనుబది మందిలో కిట్ జన్యువును, మరి పదిమందిలో పి.డి.జి.ఎఫ్.ఆర్.ఎ. అను దాని సోదర జన్యువును ఇట్లు చెడియుండును. తక్కినవారిలో కారణములు వేరు.

ఇది ఎంత తరచుగా వచ్చును? వివిధ దేశముల లెక్కలనుబట్టి పదిలక్షల జనాభాలో ఏడాదికి పది మొదలు పదునైదుగురికి వచ్చును. 2011 జనాభా లెక్కలలో నాటి ఉమ్మడి కర్నూలు జిల్లా జనాభా నలుబది లక్షలకు పైబడినది. ఆ అంచనాను ఇక్కడికి అన్వయించినచో ఆ ప్రాంతమున ఏటేట నలుబది మొదలు అరువది మందికి ఈ వ్యాధి రాగలదని అనుకొనవచ్చును. వ్యాధి అరుదే, కాని మనకు దూరమైనది మాత్రము కాదు. ఇది ఎక్కువగా ఏబది యేండ్లు దాటినవారికి వచ్చును. జిస్టులలో సుమారు అరువది పాళ్ళు జీర్ణాశయములోనే పుట్టును. తక్కినవానిలో అధికభాగము చిన్న ప్రేగులలో.

దీనికి కారణము ఆహారమని చెప్పుటకు ఆధారము లేదు. కారము తినుటచే వచ్చునని, సంగటి మాని వరియన్నము తినుటచే వచ్చునని కొందరందురు, అవి ఊహలు. ఇది అంటువ్యాధి కాదు. రోగితో కలిసి తినుటవలన, త్రాగుటవలన ఎవరికిని రాదు. తల్లిదండ్రులనుండి సంక్రమించుట మిక్కిలి అరుదు. కావున "నేనేమి పాపము చేసితిని" అని రోగియు, "మా వంట వలననేనా" అని ఇల్లాలును బాధపడ నక్కరలేదు.

లక్షణములు

చిన్న కంతికి ఏ లక్షణమును ఉండదు. వేరొక పనికి చేసిన స్కానులోనో, ఎండోస్కోపులోనో అది యాదృచ్ఛికముగా కనబడును. పెరిగిన తరువాత కొంచెము తినగనే కడుపు నిండినట్లుండుట, పైకడుపులో బరువు, మందమైన నొప్పి, ఒక్కొక్కప్పుడు చేతికి తగులు గడ్డ, ఇవి బయలుదేరును.

అన్నిటికంటె ముఖ్యమైన సూచన రక్తస్రావము. కంతి పైనున్న శ్లేష్మపొర పగిలినచో రక్తము లోలోపల కారును. అది జీర్ణరసములతో కలిసి మలమును తారువలె నల్లగా, జిగటగా చేయును. స్రావము స్వల్పమైనచో రోగి దానిని గుర్తింపడు. నెలలు గడచిన కొలది మనిషి పాలిపోవును, నాలుగడుగులు నడచిన ఆయాసము వచ్చును. వయసు మీరినవారిలో ఇట్టి రక్తహీనతను "వయసు, బలహీనత" అని చెప్పి టానిక్కులతో సరిపుచ్చుట మన ఇండ్లలో సామాన్యము. రక్తము పెంచు మందు వాడుట తప్పు కాదు. రక్తము ఎక్కడికి పోవుచున్నదో వెదకకుండుట తప్పు. తొట్టికి చిల్లి ఉండగా నీళ్ళు పోయుచుండిన ప్రయోజనమేమి? ఏబది దాటిన పురుషునకు గాని, ముట్లుడిగిన స్త్రీకి గాని కారణము తెలియని రక్తహీనత కనబడినచో జీర్ణనాళమును తప్పక పరీక్ష చేయింపవలెను. ఇనుము మాత్రలు వాడువారికి కూడ మలము నల్లబడును గనుక ఆ సంగతిని వైద్యునకు ముందే చెప్పుట మంచిది. నల్లని మలముతోపాటు కండ్లు తిరుగుట, చెమటలు పట్టుట, రక్తము వాంతియగుట కలిగిన ఆ గంటలోనే ఆసుపత్రికి చేర్పవలెను.

నిర్ధారణ ఎట్లు?

ఎండోస్కోపులో నునుపైన మిట్ట కనబడిన పిమ్మట చేయు ముఖ్యమైన పరీక్ష ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండు. ఎండోస్కోపు కొసకు అతిధ్వనులను పంపు చిన్న యంత్రమును అమర్చి జీర్ణాశయము లోపలినుండియే గోడ పొరలను చూతురు. మన చెవికి వినరాని ఆ ధ్వనుల ప్రతిధ్వనులలో గోడ ఐదు గీతలుగా గోచరించును. కంతి ఏ గీతనుండి లేచినదో చూచి దాని జాతిని ఊహింపవచ్చును. మూడవ గీతలో తెల్లగా మెరయునది కొవ్వు కంతి కావచ్చును. నాలుగవది కండరపు పొర. అందులో నల్లగా కనబడునది జిస్టో, లియోమయోమాయో, ష్వానోమాయో కావచ్చును. అవసరమైనచో ఆ చూపు సాయముతోనే సన్నని సూదిని కంతిలోనికి దించి కొన్ని కణములను తీయుదురు. కంతి ఎంత వ్యాపించినది, కాలేయమునకు పాకినదా అను సంగతులను సి.టి. స్కాను తెలుపును.

కణములను సూక్ష్మదర్శినిలో చూచినంత మాత్రమున జిస్టును ఇతర కంతులనుండి వేరుచేయుట కష్టము. అందుకై కణములపై కొన్ని ప్రత్యేకమైన రంగు పరీక్షలు చేయుదురు. సి.డి. 117, డాగ్ 1 అను పరీక్షలలో రంగు పట్టినది సాధారణముగా జిస్ట్. డెస్మిన్‌కు రంగు పట్టినది కండరపు కంతి. ఎస్. 100 కు పట్టినది ష్వానోమా. సూక్ష్మదర్శినిలో ఒకే విధముగ కనబడు మూడు కంతులలో ఒకదానికి ఏమియు చేయనక్కర లేకపోవచ్చును. మరొకదానికి మూడేండ్లు మందు కావలసి రావచ్చును. కావున ఈ నివేదిక కాగితమును పెండ్లి శుభలేఖకంటె భద్రముగా దాచుకొనవలెను. ఏ ఊరి వైద్యుని వద్దకు పోయినను మొట్టమొదట చూపవలసినది అదియే.

జిస్ట్ అని తేలిన పిదప అది ఎంత ప్రమాదకరమో అంచనా వేయుదురు. దానికి కొలబద్దలు మూడు: కంతి పుట్టిన చోటు, దాని పరిమాణము, కణవిభజన వేగము. సూక్ష్మదర్శినిలో నిర్ణీతమైన వైశాల్యమున విభజన చెందుచున్న కణములను లెక్కింతురు. ఐదుకు లోపున్న మెల్లని కంతి. ఐదు దాటిన వేగముగలది. జీర్ణాశయములో పుట్టి, రెండు సెంటీమీటర్లకు మించక, మెల్లగా పెరుగు కంతి ఇతర అవయవములకు ప్రాకుట దాదాపు లేదు. ఐదు మొదలు పది సెంటీమీటర్ల మధ్య ఉండి మెల్లగా పెరుగునది నూటికి నాలుగు పాళ్ళ లోపుగనే ప్రాకును. అదే పరిమాణము గలిగి వేగముగ విభజన చెందునది నూటికి ఏబదియైదు పాళ్ళు ప్రాకును. పది సెంటీమీటర్లు దాటి వేగము కూడ ఉన్నచో నూటికి ఎనుబదియారు. "గడ్డ ఎంత పెద్దది?" అని మాత్రమే అడుగుట చాలదనియు, "ఎంత వేగముగ పెరుగునది?" అనియు అడుగవలెననియు ఈ అంకెలు చెప్పుచున్నవి.

కత్తి చేయు పని

రెండు సెంటీమీటర్ల లోపు చిన్న కంతిని, అనుమానాస్పదమైన చిహ్నములు లేనిచో, నిర్ణీత కాలములలో అల్ట్రాసౌండుతో చూచుచు ఉండవచ్చును. అంతకు మించినదానికి, లక్షణములు కలిగించుదానికి శస్త్రచికిత్సయే ప్రధానము. ఇందులో రోగికి ఊరట కలిగించు అంశమొకటి కలదు. సాధారణమైన జీర్ణాశయపు క్యాన్సరు చుట్టునున్న రసగ్రంథులకు ప్రాకును గావున జీర్ణాశయమును చాల వరకు తీసివేయవలసి వచ్చును. జిస్ట్ ఆ గ్రంథులకు ప్రాకుట అరుదు. కావున కంతిని, దాని చుట్టు కొంత ఆరోగ్యమైన గోడను మాత్రము కోసి తీసి, మిగిలిన గోడను కుట్టివేసిన చాలును. ఇట్టి చికిత్స పొందినవారిలో చాలమంది కొలది వారములలో ఇంటి భోజనము మామూలుగనే చేయగలరు. వీలైన చోట చిన్న రంధ్రముల ద్వారా, కెమెరా సాయముతో కూడ ఈ పని జరుగుచున్నది.

అయితే ఒక నియమము కఠినమైనది. జిస్ట్ లోపల పండిన బొప్పాయివలె మెత్తగా నుండును. తీయునపుడు అది పగులరాదు. పగిలినచో కణములు కడుపులో చల్లబడి, విత్తనములు చల్లిన చేనువలె పలుచోట్ల మొలకెత్తును. అందుచే ఈ శస్త్రచికిత్స అనుభవజ్ఞుల చేతులలో జరుగుట అవసరము. కంతి మిక్కిలి పెద్దదైనచో ముందు కొన్ని నెలలు మందు ఇచ్చి చిన్నది చేసి తరువాత తీయుదురు.

ఔషధము, దాని వెల

ప్రాకిన జిస్టునకు పూర్వము చేయగలిగినది స్వల్పము. మన తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో రూపొందించిన అమినోప్టెరిన్‌తో 1940 దశకమున క్యాన్సరు ఔషధ యుగమునకు తలుపులు తెరచుకొన్నవి. వేగముగ విభజన చెందు కణములను చంపుట ఆ తరహా మందుల పద్ధతి. రక్తపు క్యాన్సర్లలో అవి మేలు చేసినవి. జిస్ట్ మాత్రము అట్టి మందులకు లొంగలేదు. ప్రాకిన జిస్ట్ గలవారు సగటున ఏడాదిన్నర ప్రాంతము జీవించుచుండిరి.

అప్పుడు వచ్చినది ఇమాటినిబ్. ఇది మొదట ఒక జాతి రక్తపు క్యాన్సరు కొరకు తయారైనది. బిగిసిపోయిన కిట్ స్టార్టరునకు శక్తి నందించు చోట ఈ మందు పోయి కూర్చుండును. ఫ్యూజు పీకినట్లు స్టార్టరు ఆగును. 2000 మార్చిలో ఫిన్లండులోని హెల్సింకిలో, కాలేయమునకు ప్రాకిన జిస్ట్ గల ఒక మహిళకు దీనిని తొలిసారి ఇచ్చిరి. కొలది వారములలోనే కంతులు తగ్గుముఖము పట్టినవి. 2002 లో అమెరికా ప్రభుత్వము జిస్ట్ చికిత్సకు దీనిని అనుమతించినది. ఆ తరువాత ప్రాకిన జిస్ట్ గలవారి సగటు ఆయువు ఐదేండ్ల ప్రాంతమునకు పెరిగినది. పదేండ్లు దాటినవారును ఉన్నారు.

మందు వచ్చినది గాని దాని వెల సామాన్యునకు అందునది కాదు. నోవార్టిస్ సంస్థ గ్లివెక్ అను పేరుతో అమ్మిన ఈ మందునకు నెలకు సుమారు 1,20,000 రూపాయలు అగుచుండెను. భారతీయ సంస్థలు తయారుచేసిన అదే మందు ఎనిమిది మొదలు పదివేల రూపాయల ప్రాంతమున దొరకుచుండెను. ఆ సంస్థలలో 1981 లో హైదరాబాదున వెలసిన నాట్కో ఒకటి. వీనాట్ అను పేర 2003 లో దీనిని విడుదల చేసినది. పేటెంటు హక్కును గూర్చిన వివాదమారంభమైనది. 2006 లో చెన్నై పేటెంటు కార్యాలయము నోవార్టిస్ దరఖాస్తును త్రోసిపుచ్చినది. తుదకు 2013 ఏప్రిల్ 1 న సుప్రీముకోర్టు, తెలిసిన పదార్థమునకు క్రొత్త రూపము నిచ్చినంత మాత్రమున, రోగనివారక శక్తి పెరిగినట్లు చూపనిచో, పేటెంటు ఈయరాదని తీర్పు చెప్పినది. క్రొత్త మందును కనుగొనుటకు అగు వ్యయము ఎవరు భరింపవలెనను ప్రశ్న ఆ తీర్పుతో తీరిపోలేదు. అయినను కోయిలకుంట్ల రైతు కుటుంబమునకు మందు అందుబాటులో ఉండుటకు ఆ తీర్పు కారణమైనదని చెప్పక తప్పదు. 2015 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధముల జాబితాలో ఇమాటినిబ్‌ను చేర్చినది.

మందు వాడుటలో మెలకువలు

వాడుక మోతాదు రోజునకు 400 మిల్లీగ్రాములు. భోజనముతో, పెద్ద గ్లాసెడు నీటితో తీసికొనవలెను. శస్త్రచికిత్స జరిగి, ప్రమాదము ఎక్కువ అని తేలినవారు మూడేండ్లు వాడవలెను. ఉత్తర ఐరోపాలోను, జర్మనీలోను జరిగిన పరిశోధనలో ఒక ఏడాది వాడినవారిని, మూడేండ్లు వాడినవారిని పోల్చి చూచిరి. ఐదేండ్ల తరువాత మొదటి వర్గమున నూటికి 82 మంది, రెండవ వర్గమున 92 మంది జీవించియుండిరి. ఈ ఫలితములు 2012 లో ప్రకటితమైనవి.

ప్రాకిన వ్యాధి గలవారు మందు పనిచేయునంతకాలము వాడుచునే యుండవలెను. ఒంటికి హాయిగా నున్నదని మధ్యలో మానినచో చాలమందిలో నెలల లోపుననే కంతి మరల పెరుగును. స్కానులో గడ్డ కొలత తగ్గలేదని నిరాశపడుటయు సరికాదు. ఒక్కొక్కప్పుడు గడ్డ అంతే పరిమాణమున నుండి లోపల కణములు చచ్చి నీరుపట్టును. అదియు మందు పనిచేసిన గుర్తే. కన్నుల చుట్టు వాపు, వికారము, పిక్కలు పట్టుట, చర్మముపై దద్దురు, రక్తహీనత, ఇవి సామాన్యమైన ఇబ్బందులు. వానిలో చాలభాగమునకు విరుగుడు కలదు. చెప్పక మాత్రలు మానివేయుట విరుగుడు కాదు. క్షయకు వాడు రిఫాంపిసిన్, మూర్ఛకు వాడు ఫెనిటాయిన్ వంటివి ఈ మందు బలమును తగ్గించును. కావున వాడుచున్న ప్రతి మందును, పసరు మందుతో సహా, వైద్యునకు చెప్పవలెను. గర్భిణులు దీనిని వాడరాదు.

అందరికిని ఈ మందు పనిచేయదు. పి.డి.జి.ఎఫ్.ఆర్.ఎ. జన్యువులో డి 842 వి అను ఒక మార్పు గలవారికి ఇమాటినిబ్ లొంగదు. వారికి 2020 నుండి అవాప్రిటినిబ్ అను మందు కలదు. చిన్న వయసున, విశేషించి యువతులలో వచ్చు ఒక తెగ జిస్టును దీనికి అంతగా లొంగదు. కావున దీర్ఘకాలము మందు వాడబోవుటకు ముందు జన్యు పరీక్ష చేయించుట వివేకము. మొదటి మందు శక్తి తగ్గినపుడు సునిటినిబ్, రెగొరాఫెనిబ్, రిప్రెటినిబ్ అను మందులు వరుసగా ఉన్నవి.

ఎక్కడికి పోవలెను?

2022 ఏప్రిల్ నుండి కోయిలకుంట్ల నంద్యాల జిల్లాలో చేరినది. 2023 లో నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆరంభమైనది. 1957 లో వెలసిన కర్నూలు వైద్య కళాశాలయు, దాని పెద్దాసుపత్రియు ఈ సీమకు చిరపరిచితములే. మొదటి పరీక్షలకు ఇవి దారి చూపును. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండు, జన్యు పరీక్ష వంటివానికి హైదరాబాదు వంటి నగరములకు పోవలసి రావచ్చును. వ్యయభయముచే ఆగిపోవువారు ఒక విషయము గమనింపవలెను. 2007 లో ఆరోగ్యశ్రీ పేర ఆరంభమై, 2024 లో ఆంధ్రప్రదేశమున ఎన్.టి.ఆర్. వైద్యసేవ అను పేరు పొందిన పథకములో క్యాన్సరు చికిత్సలు చేరియున్నవి. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి, ఏది పథకములో వచ్చును, ఏది రాదు అని భూమి తాకట్టు పెట్టుటకు ముందే తెలిసికొనుట మేలు.

వైద్యుని ఎదుట కూర్చున్నపుడు ఈ నాలుగు ప్రశ్నలు అడుగుడు: ఈ కంతి ఏ పొరనుండి లేచినది? రంగు పరీక్షలలో ఏ జాతి అని తేలినది? కణవిభజన వేగమెంత? జన్యు పరీక్ష అవసరమా? ఈ ప్రశ్నలకు జవాబులు దొరకినచో ఏది ఉపేక్షింపదగిన గడ్డయో, ఏది కత్తికి లొంగునదో, ఏది మాత్రలతో ఏండ్ల తరబడి అదుపులో ఉండునదో తెలియును. అంతవరకు రాచపుండను భయముతో ఇంటికి తిరిగి పోరాదు. నొప్పి లేదు గదా అని పంటల లెక్కన పరీక్షను వాయిదా వేయనురాదు.